మూడు శాతానికి ఏడ్చినవాడు

నిన్న సాయంత్రం బెంగళూరు బెళ్లందూరులో వాన. మిరపకాయ బజ్జీల మీదికి మనసు పోయింది. మిరపకాయలు చీరి, లోపలి తెల్లటి ఈనె గోటితో గీకి పారేశాను. కారమంతా ఉండేది అందులోనేనట. ఐదింటికి జీతం పెంపు తేల్చే అప్రైజల్ కాల్ ఉందని గుర్తొచ్చి, చేతులు కుళాయి కింద ఆడించి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నాను. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. మా టాంకరు నీళ్ళలో అయితే అసలే కరగదు.

సరిగ్గా మేనేజరు "ఈసారి మూడు శాతం" అన్నప్పుడే కుడికన్ను అంటుకుంది. మన నరాల కొసల్లో టిఆర్‌పివి1 అనే గ్రాహకం ఉంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపడం దాని డ్యూటీ. క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు పంపుతుంది పిచ్చిది. ఈ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. నాకు ఎడమకన్ను కూడా మొదలైంది. తర్వాత ముక్కు.

"అయ్యో, మీరింత సెన్సిటివ్ అనుకోలేదండీ" అన్నాడు మేనేజరు.

"మిరపకాయ సార్" అన్నాను, ముక్కు ఎగబీలుస్తూ.

"నా మీద కారాలు మిరియాలు నూరితే ఏం లాభం? బడ్జెట్ పైనుంచి వచ్చింది. మార్కెట్ కండిషన్స్!"

"అది కాదు సార్, కళ్ళు మండుతున్నాయి..."

"కడుపు కూడా మండుతుంది, సహజం. మార్కెట్ కండిషన్స్ అలా ఉన్నాయి."

చిలకలు పండుమిరపకాయను జామకాయలా కొరుక్కు తింటాయి చూడండి, పక్షుల్లో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు కాబట్టి వాటికి మంటే తెలీదు. మా మేనేజరుదీ ఆ జాతే అయ్యుండాలి. ఎదుటి మనిషి ముక్కూ కళ్ళూ ఏకధారగా కారుతున్నా చలనం లేదు, పైవాళ్ళు నేర్పిన రెండు ముక్కలే నాలుగుసార్లు పలికాడు. మధ్యలో హెచ్ఆర్ అమ్మాయిని కూడా కాల్‌లోకి పిలిచాడు, సాక్ష్యానికి. ఆవిడ నన్ను చూసి తన కెమెరా ఆపేసుకుంది.

లెన్సులు ఎలా తీశానో అడక్కండి. శనగపిండి కలిపింది కలిపినట్టే ఉంది.

ఈ ఉదయం మెయిల్ వచ్చింది. శనివారం పదింటికి "ఒత్తిడిని జయించడం ఎలా" సెషన్, నాకు మాత్రం హాజరు తప్పనిసరి. కెమెరా ఆన్‌లో ఉండాలట.