మెటల్ కచేరీల చరిత్ర జనం జేబుల్లో ఉంది

1986 సెప్టెంబర్ 26 రాత్రి స్టాక్‌హోమ్ పక్కనే ఉన్న సోల్నాలో అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా కచేరీ చేసింది. అది ముగించుకుని కోపెన్‌హాగన్ వెళ్తుంటే మర్నాడు పొద్దున్నే దారిలో వాళ్ళ బస్సు బోల్తా పడింది. బాస్ వాయించే క్లిఫ్ బర్టన్ ఆ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 24.

ఆ ఏడాదే వచ్చిన తమ మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ని మెటాలికా 2017లో పెద్ద బాక్స్ సెట్‌గా మళ్ళీ విడుదల చేసింది. కొత్తగా శుభ్రం చేసిన ఎల్పీలు, సీడీలు, డీవీడీల మధ్య అందులో ఒక మామూలు క్యాసెట్ కూడా పెట్టారు. దాంట్లో ఉన్నది ఆ సోల్నా కచేరీయే. దాన్ని రికార్డు చేసింది కంపెనీ కాదు, రేడియో వాళ్ళూ కాదు. జనంలో నిలబడిన ఒక అభిమాని. కోట్ల రూపాయల వ్యాపారం చేసే బ్యాండ్, బర్టన్ ఆఖరిసారి వాయించిన రాత్రిని వినిపించడానికి ఆ అభిమాని టేపునే ఎంచుకుంది.

మెటల్‌కి సంబంధించినంత వరకు ఇదేమీ వింత కాదు. బర్టన్ పోయిన మరుసటి ఏడాది అతని జ్ఞాపకార్థం ఒక వీడియో తేవాలని మెటాలికా అనుకుంది. అప్పటికి వాళ్ళు ఒక్క మ్యూజిక్ వీడియో కూడా చేయలేదు. టీవీ ఛానళ్ళు తీసిన ముక్కలు కొన్ని ఉన్నాయంతే. అందుకే 1987లో వచ్చిన ‘క్లిఫ్ ఎమ్ ఆల్’లో చాలామటుకు అభిమానులు దొంగచాటుగా తీసుకున్న దృశ్యాలే కనిపిస్తాయి. బొమ్మ వణుకుతుంది, ముందువాళ్ళ తలలు అడ్డొస్తాయి, సౌండ్ బద్దలవుతుంది. అయినా, జుట్టు ముఖం మీద పడేలా తల ఊపుతూ, సౌండ్‌ని ‘వా వా’ అని సాగదీసే వా పెడల్ తొక్కి బాస్‌ని లీడ్ గిటార్‌లా మోగించే ఆ మనిషిని అతను పోయాక పుట్టిన కుర్రాళ్ళు కూడా చూడగలుగుతున్నారంటే అది ఆ వణికే బొమ్మల పుణ్యమే.

ఇంత జరిగినా, జనం చేసుకున్న రికార్డింగ్ అనగానే దొంగ సరుకన్నట్టు చూసే అలవాటు ఇంకా పోలేదు. అది సంగీత చరిత్రకి ఆధారం. దాన్ని ఆధారంగానే చూడాలి, ఆధారంగానే దాచాలి. మన దేశంలో జరిగిన మెటల్ కచేరీల విషయంలో ఈ పని ఇప్పటికే ఆలస్యమైంది.

సౌండ్ బాగోదు కదా అంటారు. నిజమే, చాలాసార్లు బాగోదు. పాత క్యాసెట్ రికార్డర్లలో లెవెల్ దానంతటదే సర్దుకునే ఏర్పాటు ఉండేది. మనుషుల మాటలు రికార్డు చేయడానికి పెట్టిన ఏర్పాటది. మెటల్ కచేరీలో డ్రమ్మర్ రెండు కాళ్ళతోనూ బాస్ డ్రమ్ములు (డబుల్ బాస్) అందుకోగానే ఆ యంత్రం బెదిరిపోయి మొత్తం సౌండ్‌ని కిందికి లాగేస్తుంది. దెబ్బ దెబ్బకీ గిటార్లు మునిగి తేలుతుంటాయి. 90 నిమిషాల టేపు 45 నిమిషాలకి తిప్పాలి కాబట్టి ఏదో ఒక పాట నడుం విరుగుతుంది. ఆ కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ అయ్యేసరికి టేపు బుసబుస (హిస్) పెరిగి సింబల్స్ మోత ఇసక రాలినట్టుంటుంది.

కానీ స్టేజీ మీది మైకుల సౌండ్‌ని కలిపే మిక్సింగ్ డెస్క్ నుంచి నేరుగా తీసిన టేపు ఎప్పుడూ మేలేనా అంటే, చిన్న క్లబ్బుల విషయంలో కాదు. అక్కడ స్టేజీ మీది మార్షల్ ఆంప్లిఫయర్లే చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. ఇక డెస్క్ ద్వారా గిటార్లని పెంచే అవసరం పెద్దగా ఉండదు. అందుకే డెస్క్ టేపులో గొంతు ముందుకొచ్చి మీద పడుతుంది, గిటార్లు పలచబడి ఎక్కడో వినిపిస్తాయి. మెటల్‌లో గిటార్లే లేకపోతే ఇక ఉన్నదేమిటి? హాలు మధ్యలో, సౌండ్ ఇంజనీర్‌కి దగ్గర్లో నిలబడి మంచి మైకుతో తీసిన టేపులో మాత్రం గోడలకి తగిలి తిరిగొచ్చే మోతతో సహా, ఆ రాత్రి అక్కడున్నవాళ్ళ చెవినపడ్డ సంగీతమే ఉంటుంది. అనుభవం ఉన్న టేపర్లు (కచేరీలని ఇలా రికార్డు చేసుకునే అభిమానులు) అందుకే ఆ చోటు కోసం గేట్లు తెరవకముందే వచ్చి క్యూ కట్టేవారు.

పైగా అధికారికంగా వచ్చే లైవ్ ఆల్బమ్‌లన్నీ అచ్చంగా లైవ్ కాదు. బ్రిటిష్ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ 1979లో టోక్యోలో రికార్డు చేసి విడుదల చేసిన లైవ్ ఆల్బమ్ మెటల్ అభిమానులకి ప్రాణం, నాకూ ప్రాణమే. అయితే అందులో గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ గొంతుని తర్వాత మళ్ళీ పాడి రికార్డు చేశారు. ఆల్బమ్‌గా దాని విలువేమీ తగ్గలేదు. కానీ ఆ రాత్రి అతను ఎలా పాడాడో తెలుసుకోవాలంటే అది చాలదు. జనంలోని టేపు తప్పుని దిద్దదు. గొంతు పట్టేసినా, తీగ తెగినా ఉన్నదున్నట్టు ఉంచుతుంది.

ఈ సంస్కృతి ఎంత పట్టుదలతో నడిచిందో చెప్పడానికి మైక్ మిల్లార్డ్ ఒక్కడు చాలు. 1970లలో లాస్ ఏంజెలెస్‌లో రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ కచేరీలని అతను రికార్డు చేశాడు. (వాళ్ళని మెటల్ అనాలా వద్దా అన్న తగువు వేరే.) అతను వాడిన నకమిచి క్యాసెట్ రికార్డర్ బాగా బరువు, దాన్ని దాచి లోపలికి తీసుకెళ్ళడం కష్టం. అందుకని చక్రాల కుర్చీలో కూర్చుని, మెషీన్‌ని ఆ కుర్చీలోనే దాచేవాడు. 1994లో అతను పోయాక, అసలు టేపులన్నీ తనే నాశనం చేసుకున్నాడని ఏళ్ళ తరబడి అనుకున్నారు. తీరా చూస్తే అవి భద్రంగానే ఉన్నాయి. ఈమధ్య వాటిని డిజిటల్‌లోకి మార్చి అందరికీ వినిపిస్తున్నారు. వాటి స్పష్టత వింటే ఇవి జనంలోంచి తీసినవంటే నమ్మబుద్ధి కాదు.

బ్యాండ్లకి నష్టం కాదా అన్న ప్రశ్నకి మెటాలికా చరిత్రలోనే జవాబుంది. 1982లో వాళ్ళు చేసిన డెమో టేపు చేతులు మారుతూ ఊళ్ళు దాటి వెళ్ళడం వల్లే అసలు వాళ్ళ పేరు బయటికొచ్చింది. డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ స్వయంగా టేపుల మార్పిడి పిచ్చి ఉన్నవాడు. అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లోనే టేపర్లకి విడిగా చోటు కేటాయించింది. 1990ల మొదట్లో మెటాలికా కూడా తమ కచేరీల్లో రికార్డింగ్‌కి అనుమతిచ్చింది. 2000లో, ఇంటర్నెట్‌లో పాటలు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ మీద కేసు వేసి అందరితో తిట్లు తిన్నదీ వీళ్ళే. రెంటికీ పొంతన లేదనుకుంటారు గానీ, నాకు పొంతన కనిపిస్తుంది. స్టూడియో పాట అమ్మకానికి పెట్టిన సరుకు, కచేరీ టేపు వచ్చినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళిన గుర్తు. ఆ టేపుకి అట్ట అచ్చేసి డబ్బుకి అమ్మేవాడు మాత్రం దొంగే. వాణ్ణి టేపర్లు కూడా దగ్గరికి రానివ్వరు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2007 మార్చి 17న బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చింది. మెటాలికా 2011 అక్టోబర్ 30న అక్కడే వాయించింది. దానికి రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ రద్దయి పెద్ద గొడవైంది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులెక్కి బెంగళూరు వెళ్ళిన మెటల్ అభిమానులకి ఆ రాత్రులు పండగలు. జేబుల్లో ఫోన్లున్నాయి, చిన్న కెమెరాలున్నాయి. మరి ఆ రికార్డింగులన్నీ ఇప్పుడు ఏమయ్యాయి? అప్పట్లో అందరూ వాడిన సోషల్ సైటు ఆర్కుట్ 2014లో మూతపడింది. ఫైళ్ళు పంచుకున్న మెగాఅప్‌లోడ్‌ని 2012లో అమెరికా ప్రభుత్వం మూయించింది, ర్యాపిడ్‌షేర్ 2015లో ఆగిపోయింది. బ్యాండ్లు పాటలు పెట్టుకునే సైటు మైస్పేస్ అయితే 2016కి ముందు ఎక్కించిన పాటలన్నీ సర్వర్లు మార్చే క్రమంలో పోయాయని 2019లో చెప్పింది. పెద్ద బ్యాండ్ల సంగతి ఫరవాలేదు, వాళ్ళ రికార్డింగులు ఇంకెక్కడైనా దొరుకుతాయి. వాళ్ళకి ముందు స్టేజీ ఎక్కిన మన కుర్రాళ్ళ బ్యాండ్లు, కాలేజీ ఫెస్టుల్లో వాయించి ఆల్బమ్ తేకుండానే విడిపోయిన బ్యాండ్ల మాటేమిటి? వాళ్ళు అసలు ఉన్నారనడానికి ఎవరి ఫోన్‌లోనో మిగిలిన నాలుగు నిమిషాల వీడియోయే ఆధారం కావచ్చు.

చట్టం కూడా మనం భయపడేంత కఠినంగా లేదు. కాపీరైట్ చట్టం 38ఎ సెక్షన్ ప్రకారం కళాకారుడి అనుమతి లేకుండా అతని ప్రదర్శనని రికార్డు చేయకూడదు. కానీ సొంత వాడకానికీ, బోధన, పరిశోధన కోసమూ చేసుకునే రికార్డింగుని 39వ సెక్షన్ మినహాయించింది. చిక్కు వచ్చేది దాన్ని పదిమందికీ పంచినప్పుడే. ఆ చిక్కు విప్పడం బ్యాండ్ల చేతుల్లో ఉంది. ‘రికార్డు చేసుకోండి, పంచుకోండి, అమ్మకండి’ అని పోస్టర్ మీద ఒక్క లైను వేస్తే చాలు. ఇలా అనుమతిచ్చిన బ్యాండ్ల కచేరీల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో 2002 నుంచీ ప్రత్యేక విభాగమే నడుస్తోంది. హైదరాబాద్, బెంగళూరు బ్యాండ్లు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు.

రికార్డు చేసేవాళ్ళు చేయాల్సిందీ కొంత ఉంది. పాత ఫోన్ అమ్మేముందు అందులోని కచేరీ ఫైళ్ళని వాట్సాప్‌లో పంపకండి, సైజు తగ్గించే పనిలో అది ఉన్న నాణ్యతని కూడా తినేస్తుంది. అసలు ఫైలునే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి బ్యాండ్ పేరు, తేదీ, ఊరు, హాలు, ఏ ఫోన్‌తో ఎక్కడ నిలబడి తీశారో రాసిపెట్టండి. ఇప్పటి డిజిటల్ మిక్సర్లు చాలావాటిలో పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసుకునే వీలుంది. ఆ డెస్క్ ఫైలునీ మీ ఫోన్ ఫైలునీ జతచేసి కలిపితే డెస్క్‌లో పలచబడ్డ గిటార్లు, హాలు మోత, జనం కేకలు అన్నీ వాటి వాటి చోటికి వస్తాయి. మెటల్ కచేరీకి అంతకన్నా మంచి రికార్డింగ్ చాలాసార్లు స్టూడియోవాళ్ళూ ఇవ్వలేరు.