బుసాన్‌లో బస్సు దిగి నడుద్దాం

దక్షిణ కొరియాలోని మన తెలుగువాళ్ళు బుసాన్ యాత్ర తలపెట్టినప్పుడల్లా పట్టిక దాదాపు ఒకటే: పొద్దున హెయుందే బీచ్, ఆ తరువాత సముద్రం ఒడ్డున ఉన్న యొంగ్‌గుంగ్‌సా ఆలయం, మధ్యాహ్నం గమ్‌చొన్ రంగుల ఇళ్ళు, చీకటి పడ్డాక గ్వాంగల్లి వంతెన దీపాలు, చివరికి ఏదో ఒక భారతీయ హోటల్లో బిర్యానీ. ఒక్కో చోట గడిపేది కాసేపే, అందులోనూ సగం సమయం గ్రూపు ఫోటోలకే సరిపోతుంది. ఈ చోట్లు చూడదగ్గవి కావని నేననను. అయితే బుసాన్‌ను బస్సు కిటికీలోంచి చూస్తే పట్టుబడదని, ఒక పూట సముద్రపు అంచునా ఒక పూట కొండ మీదా నడిస్తేనే ఆ నగరం అర్థమవుతుందని నా అభిప్రాయం.

కొండలు నేరుగా సముద్రం దాకా దిగి, మిగిలిన సన్నని నేల మీద ఊరు ఇరుక్కున్న తీరు చూస్తే మనలో చాలామందికి విశాఖపట్నం గుర్తుకొస్తుంది. 1950–53 కొరియా యుద్ధంలో దేశానికి తాత్కాలిక రాజధానిగా ఉన్న ఈ రేవుపట్నానికి లక్షలాది శరణార్థులు వచ్చిపడ్డారు. మైదానంలో చోటు చాలక కొండవాలుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇప్పుడు మనం ఫోటోలు తీసుకునే గమ్‌చొన్ అలా పెరిగిన పేదల పేటే. అక్కడి గోడలకు కళారూపాలు వచ్చింది 2009 తరువాత. ఆ ఇళ్ళలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు, ముసలివాళ్ళు మధ్యాహ్నం కునుకు తీస్తుంటారు. నెమ్మదిగా మాట్లాడండని సందుల్లో బోర్డులు పెట్టినా మన బృందాలు ఒకరినొకరు కేకలేసి పిలుచుకుంటూ ఎవరి గుమ్మం ముందో నిలబడి ఫోటోలు దిగడం చూడటానికి బాగుండదు.

యొంగ్‌గుంగ్‌సా సంగతీ అంతే. అలల పక్కన గుడి అని అందరం మురిసిపోతాం గానీ, 1376లో దాన్ని స్థాపించాడని చెప్పే నావొంగ్ అనే భిక్షువుకు గురువు మన దేశం నుంచి వెళ్ళిన ధ్యానభద్రుడని, కొరియన్లు ఆయనను జిగొంగ్ అంటారని బస్సులో ఎవరైనా ఒక్క మాట చెబితే ఆ మెట్లు దిగడంలో వేరే ఆసక్తి ఉంటుంది. ఇప్పుడు కనిపించే కట్టడాలు మాత్రం చాలావరకు 20వ శతాబ్దంలో మళ్ళీ కట్టినవే.

పట్టికలో తప్పక చేర్చవలసినది ఇగిదే తీరపు బాట. ఇది సైన్యం కాపలాలో ఉండి 1990ల వరకు సామాన్యులకు అందని ఒడ్డు, బహుశా అందుకే ఇప్పటికీ హోటళ్ళు మింగేయకుండా మిగిలింది. ఒర్యుక్‌దో రాతి దీవుల ఎదుట, తూర్పు సముద్రమూ దక్షిణ సముద్రమూ కలుస్తాయని గుర్తు పెట్టిన చోట, కొండకొమ్ము మీది నుంచి నీళ్ళ పైకి చాచిన గాజు వంతెన ఉంది; బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకుంటేనే దాని మీదికి రానిస్తారు. చాలామంది అక్కడే ఫోటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. అసలు బాట మొదలయ్యేదే అక్కడ. సుమారు ఐదు కిలోమీటర్లు చెక్కమెట్లు ఎక్కుతూ దిగుతూ, ఒక పక్క పైన్ చెట్లు, మరో పక్క నిలువునా తెగిన రాళ్ళ కింద నురగలు చూస్తూ పోతే, చివరి వేలాడే వంతెనలు దాటుతున్నప్పుడు గ్వాంగల్లి వంతెనా దాని వెనక హెయుందే ఆకాశహర్మ్యాలూ ఒక్కసారిగా ఎదుటికి వస్తాయి. తీరిగ్గా నడిచినా మూడు గంటలు దాటదు. ఒర్యుక్‌దో నుంచే తూర్పు తీరం వెంబడి ఉత్తరాన గొసొంగ్ దాకా పోయే 750 కిలోమీటర్ల హెపరాంగ్ బాట కూడా మొదలవుతుంది. అంత దూరం వద్దు లెండి, మనకు ఈ మొదటి ముక్క చాలు.

రెండో పూట గుమ్‌జొంగ్‌సాన్ కొండకు ఇవ్వాలి. శిఖరం 801 మీటర్లే గానీ, దాని మీద పదిహేడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున సాగే కోటగోడ కొరియాలోని కొండకోటల్లో అతి పెద్దది. ఇప్పుడున్న రూపం 1703 నాటిది. 2025లో ఈ కొండను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించాలని నిర్ణయించారు. మెట్రోలో బొమొసా స్టేషన్‌లో దిగి బస్సెక్కితే 678లో స్థాపించినట్టు చెప్పే బొమొసా ఆలయం దగ్గర దింపుతుంది. నాలుగు రాతిస్తంభాల మీద బరువైన కప్పును మోస్తున్న మొదటి ద్వారం దగ్గర కాసేపు నిలబడి చూడండి. అక్కడి నుంచి గుండ్రాళ్ళ వాగు పక్కగా ఎక్కితే కోట ఉత్తర ద్వారం వస్తుంది.

కొరియన్లు కొండను ఎలా వాడుకుంటారో అక్కడ గమనించవచ్చు. దారిలో ఊటనీళ్ళ కొళాయిల పక్కన నీటి పరీక్ష ఫలితం కాగితం అంటించి, తాగవచ్చో లేదో రాసి ఉంటుంది. డెబ్బై దాటిన మామ్మలు దోసకాయ ముక్కలు నములుతూ మనల్ని దాటిపోతారు. దిగివచ్చాక బూట్ల దుమ్ము ఊదుకోవడానికి బాట మొదట్లో గాలిగొట్టాలు ఉంటాయి. చెత్తబుట్టలు మాత్రం కనిపించవు, తెచ్చినవాళ్ళే తిరిగి పట్టుకెళ్ళాలి. స్పీకర్లో పాటలు పెట్టవద్దని నేను మనవాళ్ళకు చెప్పబోతాను గానీ, కొందరు కొరియా తాతలు కూడా జేబురేడియోలో పాత పాటలు మోగిస్తూనే ఎక్కుతారు కాబట్టి ఆ విషయంలో మరీ గట్టిగా మాట్లాడలేను.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులు, చంటిపిల్లలున్న కుటుంబాలు ఎలా నడుస్తాయని అడగవచ్చు. అటువంటివారి కోసం గుమ్‌గాంగ్ పార్కు నుంచి రోప్‌వే ఉంది. అది దాదాపు 540 మీటర్ల ఎత్తులో దింపుతుంది, అక్కడి నుంచి కోట దక్షిణ ద్వారం వైపు నడక అంత కష్టం కాదు. కింద దొంగ్నే వేడినీటి ఊటల పేటలో కాళ్ళు నానబెట్టుకోవడానికి ఉచితంగా ఆరుబయలు తొట్టె కట్టించారు. అదే పేట పేరు మీద ప్రసిద్ధమైన ఉల్లికాడల అట్టులో ఆల్చిప్పలూ రొయ్యలూ కలుపుతారు కనుక శాకాహారులు పులిహోర పొట్లాలు కట్టుకు రావడమే క్షేమం.

తేదీల విషయంలో నిర్వాహకులు కొంచెం ఆలోచించాలి. సెలవులు కలిసొస్తాయని మనం ఎక్కువగా జూలై, ఆగస్టుల్లో వెళ్తాం. అప్పుడు ముసురు వానలు, వాటి వెనకే ఉక్కపోత, లేదంటే తుపాను హెచ్చరికతో బాట మూతపడటం ఉంటుంది. శీతకాలం మొదట్లోనూ వసంతంలోనూ కార్చిచ్చు భయంతో కొన్ని కొండదారులు మూసేస్తారు. అక్టోబరు అన్నిటికన్నా నయం. ఈసారి బస్సు మాట్లాడేటప్పుడు, మనల్ని ఒర్యుక్‌దో దగ్గర దింపి, నడక ముగిసే దొంగ్‌సెంగ్‌మల్ దగ్గర ఎక్కించుకొమ్మని డ్రైవరుకు ముందే చెప్పి పెడితే సరి. నడవలేనివాళ్ళు అదే బస్సులో అక్కడికి వచ్చి గ్వాంగల్లి వంతెన చూస్తూ కూర్చుంటారు.