పెయిర్‌వైజ్ గారి పదవీ విరమణకు

మహారాజశ్రీ పెయిర్‌వైజ్ గారికి,

ఒక హాకీ అభిమాని నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

అమెరికా పురుషుల కాలేజీ ఐస్ హాకీలో జట్లకి ర్యాంకులు కట్టే లెక్క మీరే. 2025-26 సీజన్ నుంచి మీ కుర్చీని ఎన్‌పీఐ అనే ఇంకో ఫార్ములాకి ఇచ్చారు. రిటైరైన పెద్దలకి శాలువా కప్పి నాలుగు మంచిమాటలు చెప్పడం మా వైపు పద్ధతి. మీకు భుజాలు లేవు కాబట్టి మాటలతోనే సరిపెట్టుకోండి.

మీ మహిమ తెలియని తెలుగువాళ్ళ కోసం ఒక ముక్క. అమెరికా కాలేజీ ఐస్ హాకీలో ఆరు కాన్ఫరెన్సులు, అంటే జట్ల కూటములు, ఉన్నాయి. మార్చిలో ఎవరి టోర్నమెంటు వాళ్ళు ఆడుకుంటారు. కప్పు కొట్టిన ఆరు జట్లూ జాతీయ టోర్నమెంటుకి నేరుగా వెళ్తాయి. మొత్తం 16లో మిగిలిన పది సీట్లు మాత్రం ఇన్నాళ్ళూ తమరి చేతిలో ఉండేవి. ఆ పది సీట్ల కోసమే మీరు మా వారాంతాలన్నీ తినేశారు.

ఈసీఏసీ కాన్ఫరెన్సు సంగతే చూడండి. యేల్, కార్నెల్ లాంటి ఐవీ లీగ్ పేరున్న వర్సిటీలు ఆరూ, న్యూయార్క్ రాష్ట్రం పైభాగంలోని చిన్న కాలేజీలూ, కనెటికట్‌లోని క్విన్నిపియాక్ కలిపి 12 జట్లు. చివరి నాలుగూ లేక్ ప్లాసిడ్‌కి వస్తాయి. శుక్రవారం సెమీస్, శనివారం ఫైనల్, వైట్‌లా కప్పు. కొండల మధ్య చిన్న ఊరు, మార్చిలోనూ మంచే. 1980 ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాళ్ళు సోవియట్ యూనియన్‌ని 4-3తో ఓడించింది ఇక్కడి ఈ మంచు మైదానంలోనే, ఈ రింకులోనే. ఇప్పుడు దానికి ఆనాటి కోచ్ హెర్బ్ బ్రూక్స్ పేరు పెట్టారు. అంతటి చోట కూర్చుని జనం ఏం చూస్తారనుకున్నారు? ఫోన్లు.

నా పక్క సీటులో ఎర్ర స్వెటర్ పెద్దాయన ఒకరు. ఆఖరిదైన మూడో పీరియడ్, స్కోరు సమం. బ్యాండ్ వాళ్ళ డ్రమ్ములకి సీట్లు అదురుతున్నాయి, వెనక కుర్రాళ్ళు అవతలి గోలీని "జల్లెడ, జల్లెడ" అని ఊదరగొడుతున్నారు. పెద్దాయన ఉన్నట్టుండి రెండు చేతులూ ఎత్తి "గోల్!" అని లేచి నిలబడ్డారు. మా రింకులో పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే బిళ్ళ) ఇంకా మధ్య గీత దగ్గరే ఉంది. చుట్టూ అందరూ ఆయన వైపు తిరిగారు. గోలు పడింది ఎక్కడో దూరాన సెయింట్ పాల్ ఊళ్ళోనట. ఆయనకి ఏ సంబంధమూ లేని రెండు జట్ల మ్యాచ్‌లో. "వాళ్ళు గెలిస్తే ఆ జట్టుతో మన పోలిక తిరగబడుతుంది, మనం పదిహేను నుంచి పద్నాలుగుకి వస్తాం" అని నాకు ఓపిగ్గా వివరించారు. ఆయన ముఖంలో ఆ వెలుగు మా జట్టు గోలు కొట్టినప్పుడు కూడా నేను చూడలేదు. ఇదంతా తమరి చలవే.

ఇక మీ లెక్క. ప్రతి జట్టునీ మిగతా అన్ని జట్లతో ఒక్కొక్కటిగా పోలుస్తారు. ముఖాముఖి ఫలితాలు, ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులు, ఆర్‌పీఐ అనే గెలుపోటముల సూచిక. ఇంతవరకూ ధర్మంగానే ఉంది. ఆ ఆర్‌పీఐ మూట విప్పితేనే కళ్ళు తిరుగుతాయి. జట్టు సొంత గెలుపోటములకి 25 శాతం, ప్రత్యర్థుల గెలుపోటములకి 21, ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపోటములకి 54! పెళ్ళిచూపులకెళ్ళి అబ్బాయిని పావువంతు చూసి, వాళ్ళ వియ్యంకుడి వియ్యంకుడికి ఎన్నెకరాలున్నాయో కూపీ లాగినట్టుంది. పైగా బలహీనుల్ని ఓడిస్తే ఒక్కోసారి ఆర్‌పీఐ తగ్గేది. గెలిచినందుకు శిక్షేమిటి మహాప్రభో అంటే, అలాంటి గెలుపుని లెక్కలోంచి తీసేసే ఏర్పాటు చేశారు. ఆడారు, చెమటోడ్చారు, గెలిచారు. సరే, ఆ మ్యాచ్ జరగలేదనుకోండి అన్నారు.

2013లో మీరు చేసిన చోద్యం ఎలా మర్చిపోతాం? ఆ ఏడు ఈసీఏసీ సంబరం అట్లాంటిక్ సిటీలో, కాసినోల పక్కన. మంచు ఆటకి తగిన చోటే! యేల్ జట్టు శుక్రవారం యూనియన్ చేతిలో 5-0తో, శనివారం మూడో స్థానం మ్యాచ్‌లో క్విన్నిపియాక్ చేతిలో 3-0తో ఓడింది. రెండు రోజుల్లో ఎనిమిది గోల్స్ సమర్పించుకుని, ఒక్కటీ కొట్టకుండా సామాను సర్దుకుంది. అక్కడ డెట్రాయిట్‌లో మిషిగన్ గనక సీసీహెచ్ఏ అనే ఇంకో కాన్ఫరెన్సు ఫైనల్ నెగ్గి ఉంటే ఒక సీటు వాళ్ళకి పోయి యేల్ కథ కంచికే. నోటర్‌డేమ్ వాళ్ళు మిషిగన్‌ని ఓడించారు. యేల్ ఆఖరి నిమిషంలో తలుపు సందులోంచి దూరింది. మూడు వారాల తర్వాత పిట్స్‌బర్గ్‌లో జాతీయ ఫైనల్లో అదే క్విన్నిపియాక్‌ని 4-0తో చితక్కొట్టి చాంపియన్ అయింది. ఆ రోజు క్విన్నిపియాక్ అభిమానుల కడుపుమంటకి జవాబు మీ దగ్గర ఉందా? ఏ దశాంశ స్థానంలో?

2025లో కార్నెల్ ఇందుకు తలకిందులు. ముప్ఫయ్యేళ్ళు కోచ్‌గా చేసిన మైక్ షేఫర్‌కి అదే ఆఖరి సీజన్. మీ జాబితాలో వాళ్ళు సీటుకి అందనంత కింద ఉన్నారు. కప్పు కొడితే తప్ప దారి లేదు. లేక్ ప్లాసిడ్‌లో సెమీస్‌లో క్విన్నిపియాక్‌ని, ఫైనల్లో క్లార్క్సన్‌ని 3-1తో ఓడించారు. మీ మీద ఏ ఆశా లేని ఆ ఎర్ర చొక్కాల జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని, కళ్ళప్పగించి హాకీ చూశారు! ఏ పాపమూ తెలియని పిల్లల్లా అరిచారు, ఏడ్చారు. బెర్తు ఖాయమైన జట్టు అభిమానికి ఆ భాగ్యం లేదు. వాడు ఓడినా లెక్కే, గెలిచినా లెక్కే. తర్వాత జాతీయ టోర్నమెంటు మొదటి రౌండులో, టొలీడోలో, అదే కార్నెల్ ఆ రీజియన్ మొదటి సీడైన మిషిగన్ స్టేట్‌ని 4-3తో ఇంటికి పంపింది. మీరు చూసే ఉంటారు. లేదంటే ఎవరి ప్రత్యర్థుల ప్రత్యర్థులనో లెక్కపెడుతూ ఉన్నారేమో.

పోయేముందు ఒక్క ఉపకారం చెయ్యండి. ఎన్‌పీఐ గారికి చార్జి అప్పగించేటప్పుడు, శనివారం రాత్రి కప్పు చేతులు మారేదాకా ర్యాంకుల పట్టిక కదలకూడదని ఒక మాట చెవిన వేయండి. వినకపోతే, కనీసం మ్యాచ్ నడుస్తుండగా ఆ కొండల్లో సిగ్నల్ పోయే మార్గమైనా చూడమనండి.

ఇట్లు,
మూడో వరస, పన్నెండో సీటు, బ్యాటరీ రెండు శాతం