కొలిచే కన్ను వేరుగానే ఉండాలి

ఒక అధునాతన చిప్ తయారు కావాలంటే సిలికాన్ వేఫర్, అంటే చిప్పులను మలిచే పలుచటి బిళ్ల, దాదాపు 1,000 దశలు దాటాలి. ప్రతి దశా 1,000కి 999 సార్లు తప్పు లేకుండా సాగిందనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంటుంది. లెక్క వేసి చూస్తే చివరికి మంచివిగా మిగిలేవి నూటికి 37 చిప్పులే. పొరపాటును 10,000లో ఒకటికి తగ్గించగలిగితే అవి 90కి చేరతాయి. వందల కోట్ల డాలర్లతో కట్టిన కర్మాగారం నిలబడేదీ కూలబడేదీ ఈ రెండు అంకెల మధ్యనే.

ఆ తేడాను పట్టిచ్చేవి తనిఖీ, కొలత యంత్రాలు. చిప్పుల రూపకర్తల గురించి, వాటిని అచ్చువేసే భారీ లితోగ్రఫీ యంత్రాల గురించి పత్రికలు పుంఖానుపుంఖాలుగా రాస్తాయి. తప్పును వెతికేవారి ఊసు మాత్రం అరుదు. కాలిఫోర్నియాలోని మిల్పిటాస్ కేంద్రంగా ఉన్న కేఎల్‌ఏ ఈ రంగంలో అందరికంటే పెద్ద సంస్థ. తయారీ నియంత్రణ యంత్రాల ప్రపంచ విపణిలో సగానికి పైగా దానిదే. అది ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరికి ఎంత దూరంలో ఉంటుంది అన్నది వాటాదారుల సొంత వ్యవహారం కాదన్నది మా అభిప్రాయం.

1970లలో మాస్కులను మనుషులే సూక్ష్మదర్శినిలో గంటల తరబడి కళ్లు పొడుచుకుని చూసేవారు. మాస్క్ అంటే చిప్ నమూనా చెక్కిన గాజు పలక. దానిపై ఒక్క మచ్చ ఉన్నా, దాని నుంచి అచ్చయ్యే ప్రతి వేఫర్ మీదా అదే మచ్చ పడుతుంది. కెన్ లెవీ, బాబ్ ఆండర్సన్ స్థాపించిన కేఎల్‌ఏ 1978లో తెచ్చిన తొలి యంత్రం ఆ పనిని నిమిషాల్లోకి కుదించింది. ఒకే మాస్క్ మీదున్న రెండు ఒకేలాంటి నమూనాలను పక్కపక్కన పోల్చి, తేడా కనిపించిన చోట ఆగడమే దాని కిటుకు. రెండూ సరిపోలలేదంటే ఏదో ఒకదానిలో తప్పుందని తెలుస్తుంది, అంతకుమించి యంత్రానికి తెలియనక్కర్లేదు. వేఫర్ల తనిఖీలో ఈ ఆలోచన నేటికీ బతికే ఉంది. 1976లో పుట్టిన టెంకార్ అనే మరో కొలత పరికరాల సంస్థ 1997లో కేఎల్‌ఏతో కలిసిపోయింది.

చీకటి గదిలోకి తలుపు సందు నుంచి ఎండ చార పడితే, అంతవరకూ కనబడని ధూళి మెరుస్తుంది. నున్నటి వేఫర్ మీద లేజర్‌ను ఏటవాలుగా పంపినప్పుడు జరిగేదీ అదే. నునుపు ఉపరితలం కాంతిని అవతలికి పంపేస్తుంది. ధూళికణం దాన్ని చెదరగొట్టి దొరికిపోతుంది. నమూనాలు చెక్కిన తర్వాత పని ఇంత తేలిక కాదు. కొలవాల్సిన గీత వెడల్పు పదుల నానోమీటర్లు, కొలిచే కాంతి తరంగదైర్ఘ్యం వందల నానోమీటర్లు. గీత నేరుగా కనబడదు. వరసగా ఉన్న గీతల నుంచి తిరిగొచ్చిన కాంతి తీరును చదివి, ఎలాంటి ఆకారమైతే కాంతి ఇలా తిరిగొస్తుందో గణితంతో వెనక్కి లెక్కగడతారు. తర్కశాస్త్రం మాటల్లో చెప్పాలంటే ఇది కంటితో చూసి తెలుసుకునే ప్రత్యక్ష ప్రమాణం కాదు, గుర్తులను బట్టి ఊహించి తేల్చే అనుమాన ప్రమాణం. ఎలక్ట్రాన్ పుంజానికి గీత కనబడుతుంది గానీ, 300 మిల్లీమీటర్ల వేఫర్ మొత్తాన్ని దానితో గాలించాలంటే రోజులు పడతాయి.

కర్మాగారానికి అంత వ్యవధి ఉండదు. వేఫర్ అక్కడ రెండు మూడు నెలలు గడుపుతుంది. తొలి వారాల్లో దూరిన తప్పు చివరి విద్యుత్ పరీక్షలో బయటపడితే, ఈలోగా అదే దారిన వచ్చినవన్నీ పాడైనట్టే. 2019 జనవరిలో తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీకి ఒక సరఫరాదారు పంపిన, కాంతికి స్పందించే ఫోటోరెసిస్ట్ రసాయనంలో దోషం ఉండటంతో వేల వేఫర్లు దెబ్బతిన్నాయి. ఆ త్రైమాసికంలో దాదాపు 55 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని ఆ సంస్థ ప్రకటించింది. తయారీ నడుస్తుండగానే వేఫర్ల తనిఖీని పటిష్ఠం చేస్తామని కూడా చెప్పింది.

కొలత ఒక అనుమితి అయినప్పుడు, దాన్ని లెక్కగట్టేవారికి ఫలితంలో స్వార్థం ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. 2015 అక్టోబరులో ఆ ప్రశ్న సూటిగానే ఎదురైంది. వేఫర్లపై పొరలు పరిచే, చెక్కే యంత్రాలు తయారుచేసే లామ్ రీసెర్చ్, కేఎల్‌ఏను దాదాపు 1,060 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. అమెరికా న్యాయశాఖ గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ఏడాది తిరిగేసరికి ఒప్పందం రద్దయింది. ఆ రెండు సంస్థలూ ఒకే సరుకు అమ్మేవి కావు. చెక్కే యంత్రాల్లో లామ్‌తో పోటీపడేవారు సైతం తమ కొత్త యంత్రాలను కేఎల్‌ఏ పరికరాలతోనే పరీక్షించుకోవాలి. ఆ పరికరాలు వారికి ఆరు నెలలు ఆలస్యంగా అందినా చాలు, ఒక తరం చిప్పుల పోటీలో వెనకబడిపోతారు. విద్యార్థుల్లో ఒకరికే పరీక్ష పేపరు దిద్దే పని అప్పగించినట్టు అయ్యేది. న్యాయశాఖ అడ్డుపడి మంచి పని చేసింది.

విలీనాన్ని కోరినవారి వాదనలో పస లేదనలేం. చెక్కే యంత్రం, కొలిచే యంత్రం ఒకే గూటిలో ఉంటే దిద్దుబాటు త్వరగా జరుగుతుంది. అప్లైడ్ మెటీరియల్స్ రెండు రకాల యంత్రాలనూ ఎప్పటి నుంచో అమ్ముతోంది. లితోగ్రఫీ దిగ్గజం ఏఎస్‌ఎంఎల్ కూడా 2016లో ఎలక్ట్రాన్ పుంజ తనిఖీ సంస్థ హెర్మెస్ మైక్రోవిజన్‌ను కొనుక్కుంది. ఆ చోట్ల కొనుగోలుదారుకు వేరే దారులున్నాయి. కేఎల్‌ఏ విషయంలో చాలా పనులకు అలాంటి దారి సన్నగా ఉంది. హిటాచీ హైటెక్, లేజర్‌టెక్, ఆంటో, నోవా వంటి సంస్థలు తమ తమ మూలల్లో బలమైనవే అయినా, అందరూ ఒకరి కంటితోనే చూస్తే ఆ కంటికి ఆననిది ఎవరికీ ఆనదు.

అందుకే ఏ కంపెనీకీ చెందని కొలబద్ద కావాలి. ప్రకృతే ఒకటి ఇచ్చింది. సిలికాన్ స్ఫటికంలో ఒక దిశలో పరమాణు తలాల మధ్య దూరం 0.192 నానోమీటర్లు. నానో స్థాయి కొలతలకు మీటరు ప్రమాణాన్ని దాని నుంచే పొందవచ్చని అంతర్జాతీయ తూనికలు కొలతల వ్యవస్థ 2019లో అంగీకరించింది. దాన్ని కర్మాగారం వాడుకోగల నమూనా ముక్కలుగా, సరిచూసే పద్ధతులుగా మార్చే ఓపికైన పని ప్రభుత్వ ప్రయోగశాలలదే. అమెరికాలో 2022 నాటి చిప్స్ చట్టం కింద జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ కొలత పరిశోధనకు ప్రత్యేక కార్యక్రమాన్ని చేపట్టింది. చిప్ కర్మాగారాల ప్రారంభోత్సవాల్లా దాని ఫలితాలు ఫొటోల్లో కనబడవు కాబట్టి, పొదుపు మాట వచ్చినప్పుడు మొదటి కోత దానికే పడే ప్రమాదం ఉంది. ఆ నిధులను ఏటికేడు బేరమాడకుండా, కనీసం పదేళ్ల హామీతో ఇవ్వాలి. అక్కడ రూపొందే ప్రామాణిక నమూనాలు పెద్ద సంస్థకూ, నిన్న మొన్న పుట్టిన పోటీదారుకూ ఒకే రోజున, ఒకే ధరకు అందాలి.