ఏ జాన్సన్ అండీ?

మా మావయ్యగారు తెనాలి దగ్గర ఒక ఎమ్మార్వో ఆఫీసులో 32 ఏళ్లు అడంగళ్లు, 1-బి రిజిస్టర్ల మధ్య బతికి రిటైరయ్యారు. కొత్త మనిషి కనిపిస్తే ఆయన మొదట అడిగేది "బాగున్నారా" అని కాదు, "ఇంటిపేరు ఏంటండీ?" అని. తర్వాత "తండ్రి పేరు?" ఆ తర్వాత "ఏ ఊరు?" ఈ మూడూ తేలాకే కాఫీ. ఒకే ఊళ్లో ఒకే పేరున్న రైతులు ఐదుగురుంటే, ఒకరి పొలం ఇంకొకరి ఖాతాలోకి పోకుండా కాపాడినవి ఈ మూడు ప్రశ్నలేనని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి 2024లో అమెరికా పౌరసత్వ పరీక్ష వచ్చిపడింది.

మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. అప్పట్లో పరీక్ష అంటే భయపడాల్సినంత ఏమీ లేదు. 100 ప్రశ్నలు, వాటి జవాబులు ముందే ఇచ్చేసేవారు. ఇంటర్వ్యూలో ఆ నూటిలోంచి పదిదాకా నోటితో అడిగేవారు. ఆరు చెప్తే గట్టెక్కినట్టే ఉండేది. మావారి ఫ్రెండు ఒకాయన తన పాత నోట్సు జిరాక్సు ఇచ్చారు. అది 2016 నుంచి చేతులు మారుతూ వచ్చిన కాగితం. స్పీకర్ ఎవరు అన్నచోట పాల్ రయన్‌ని కొట్టేసి నాన్సీ పెలోసీ, ఆమెను కొట్టేసి కెవిన్ మెకార్థీ, ఆయన్నీ కొట్టేసి మైక్ జాన్సన్ అని రాసి ఉంది.

మావయ్యగారు కళ్లజోడు పైకి తోసి చూశారు. "ఒకే సర్వే నంబరు ఇన్ని చేతులు మారిందేంటమ్మా? క్రయమా, వారసత్వమా?"

"ఎన్నిక, మావయ్యగారూ."

"ఊఁ. మరి మన రిప్రజెంటేటివ్ అన్నచోట సామ్ జాన్సన్ అని ఉంది. ఈయనా ఆయనా అన్నదమ్ములా?"

కాదన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. నా నోరు ఊరుకోదు కదా, డాలస్ మేయరు కూడా జాన్సనే, ఎరిక్ జాన్సన్ అని చెప్పాను. డాలస్ నుంచి 30 ఏళ్లు కాంగ్రెస్‌లో కూర్చున్న ఎడీ బెర్నీస్ జాన్సన్ అనే పెద్దావిడ గురించీ చెప్పాను. మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే 635 రోడ్డును ఎల్‌బీజే ఫ్రీవే అంటారనీ, అందులో జే అంటే జాన్సనేననీ చెప్పాను. ఆయన మాట్లాడకుండా లేచి గదిలోకెళ్లి, ఇండియా నుంచి తెచ్చుకున్న డైరీ, స్కేలు, ఎర్ర పెన్ను పట్టుకొచ్చారు. గళ్లు గీశారు. వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, హోదా, రిమార్కులు.

"ఇంతకీ జాన్సన్ అంటే ఏంటమ్మా?"

"జాన్ కొడుకు అని."

పెన్ను ఆగిపోయింది. "అంటే ఇంటిపేరు గడిలో తండ్రి పేరు రాసేశారన్నమాట! అందరికీ 'తండ్రి: జాన్' అని ఉంటే ఎవడి ఖాతా ఎవడిదని తేల్చేది?" అత్తయ్యగారు వంటింట్లోంచి, "మిమ్మల్ని పరీక్ష రాయమన్నారు, సర్వే చేయమనలేదు" అన్నారు. ఆ మాట ఆయన చెవిని పడలేదు. పడినా రికార్డులోకి ఎక్కలేదు.

రెండు వారాలపాటు మా ఇంట్లో జాన్సన్ల జమాబందీ నడిచింది. పొద్దున్నే నేను లాప్‌టాప్ తెరిచేసరికి పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవారు. చిక్కంతా ఇద్దరు ప్రెసిడెంట్ల దగ్గర వచ్చింది. ఆండ్రూ జాన్సన్ 1808లో పుట్టాడు. లిండన్ జాన్సన్ 1908లో. ఇద్దరూ దక్షిణాదివాళ్లే. ఇద్దరూ వైస్ ప్రెసిడెంట్లుగా ఉండగా పైనున్న ప్రెసిడెంటును వేరెవరో తుపాకీతో కాల్చి చంపారు, 1865లో లింకన్‌ని, 1963లో కెనడీని. కాల్చింది రెండుసార్లూ శుక్రవారమే. ఆ కుర్చీలోకి రెండుసార్లూ ఒక జాన్సనే వచ్చి కూర్చున్నాడు.

"ఇది డబుల్ ఎంట్రీ" అని తేల్చేశారు మావయ్యగారు. "ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించారు. సంవత్సరం రాసేటప్పుడు క్లర్కు 8 బదులు 9 వేశాడు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశానో."

ఫొటోలు చూపించాను. వయసులో మొహాలు మారతాయన్నారు. ఆండ్రూ బడికే వెళ్లని దర్జీ అనీ, లిండన్ బడిపంతులనీ చెప్పాను. వృత్తులు మారతాయన్నారు. చివరికి దారి చూపింది సంతకమే. 1866లో నల్లజాతివాళ్లకు హక్కులిచ్చే బిల్లు వస్తే ఆండ్రూ దాన్ని తిప్పి పంపేశాడు. కాంగ్రెస్ ఆయన మాట కాదని చట్టం చేసింది. 1964లో అలాంటి బిల్లే వస్తే లిండన్ దగ్గరుండి గట్టెక్కించి మరీ సంతకం పెట్టాడు. మావయ్యగారు కాసేపు ఆలోచించి, "చేవ్రాలు తేడా ఉంది. వేరే మనిషే" అని ఒప్పుకుని కొత్త వరుస నంబరు వేశారు. ఆండ్రూ రిమార్కుల గడిలో మాత్రం "1868లో పదవి ఊడాల్సింది, ఒక్క ఓటుతో నిలిచింది" అని ఎర్ర సిరాతో రాసుకున్నారు. సస్పెన్షన్ తప్పించుకున్న ఉద్యోగి అంటే ఆయనకు ఇప్పటికీ ఒక రకమైన గౌరవం.

లిండన్ గారి సంసారం చూసి మాత్రం నోరు తెరిచేశారు. ఆయన లిండన్ బెయిన్స్ జాన్సన్, అంటే ఎల్‌బీజే. భార్య లేడీ బర్డ్ జాన్సన్, ఆమే ఎల్‌బీజే. కూతుళ్లు లిండా బర్డ్, లూసీ బెయిన్స్, వాళ్లూ అంతే. ఇంట్లో కుక్కకు లిటిల్ బీగిల్ జాన్సన్ అని పెట్టారు. అంటే అదీ ఎల్‌బీజేనే. "ఇంటికి ఉత్తరం వస్తే ముందు కుక్క చింపి చదివినా అడిగేవాడు లేడు" అన్నారు. మా ఇంట్లో వాళ్లను వెక్కిరించే అర్హత ఎవరికుందో నాకు తెలియదు. మావారి వైపు ముగ్గురు బాబాయిల పేర్లలో ఇనీషియళ్లు ఒకటే. బ్యాంకు ఉత్తరాలు ఇప్పటికీ ముగ్గురిళ్లూ తిరుగుతాయి.

వెక్కిరింత ఆగింది 1965 దగ్గర. ఆ ఏడాది అక్టోబరు 3న ఇదే లిండన్ జాన్సన్, లిబర్టీ విగ్రహం కింద కూర్చుని కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు ఇండియాకు ఉన్న కోటా ఏడాదికి నూరు మంది.

"ఎంతా?"

"వంద, మావయ్యగారూ. దేశం మొత్తానికి."

"మా పెళ్లికి ఒక్క మా ఊరినుంచే అంతకంటే ఎక్కువమంది వచ్చారు" అన్నారు. కాసేపు కిటికీలోంచి మా వీధిని చూశారు. ఎదురిల్లు విజయవాడ వాళ్లది, దాని పక్కిల్లు వరంగల్ వాళ్లది. ఆ రోజు నుంచి డైరీలో లిండన్ పేరు పక్కన "గారు" చేరింది.

ఆయనకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం కాంగ్రెస్‌లో ఓట్ల జాబితా. అప్పటికి ప్రతినిధుల సభలో జాన్సన్లు ముగ్గురు. జాబితాలో ఒక్కో జాన్సన్ పక్కన బ్రాకెట్లో రాష్ట్రం పేరు వేస్తారు: జార్జియా, లూసియానా, సౌత్ డకోటా. అది తెరమీద చూపించగానే కుర్చీలోంచి లేచారు. "ఇది మన పద్ధతే కదమ్మా! రైస్‌మిల్లు శ్రీనివాసరావు, పోస్టాఫీసు శ్రీనివాసరావు. వీళ్ల కాంగ్రెస్‌లో ఎవరో రెవెన్యూ తెలిసినవాడు ఉన్నాడు." విస్కాన్సిన్ సెనేటరు ఒక జాన్సన్, షికాగో మేయరు ఇంకో జాన్సన్ అంటే వాళ్లనూ అదే పద్ధతిలో ఎక్కించారు. ఆ తర్వాత ఒకప్పుడు టిమ్ జాన్సన్లు ఇద్దరు, ఒకరు సౌత్ డకోటా సెనేటరు, ఒకరు ఇల్లినాయ్ ప్రతినిధి, ఒకేకాలంలో ఉన్నారని నేను నోరుజారాను. ఆ రాత్రి ఆయన సరిగ్గా నిద్రపోలేదని అత్తయ్యగారు నామీద కంప్లయింటు చేశారు.

ఇంటర్వ్యూకి మూడు రోజులుందనగా అసలు పొరపాటు బయటపడింది. ఆ జిరాక్సు కాగితంలో స్పీకర్లను ఎప్పటికప్పుడు కొట్టేసుకుంటూ వచ్చారు గానీ, రిప్రజెంటేటివ్ గడి ఎవరూ ముట్టుకోలేదు. సామ్ జాన్సన్ 2019 జనవరిలోనే దిగిపోయారు, 2020లో పోయారు కూడా. వియత్నాం యుద్ధంలో దాదాపు ఏడేళ్లు ఖైదులో మగ్గిన మనిషి. అది చదివి మావయ్యగారు ఆయనకూ "గారు" తగిలించారు. ఆ తర్వాత భయంభయంగా అడిగారు. "మరి ఇప్పుడెవరమ్మా? ఇంకో జాన్సనా?"

"కాదు. కీత్ సెల్ఫ్."

"సెల్ఫా? చెక్కు మీద రాసుకుంటాం, ఆ సెల్ఫా?"

"ఇంటిపేరే అది, మావయ్యగారూ."

ఆయన మొహం పాలిపోయింది. "మీ రిప్రజెంటేటివ్ ఎవరని ఆఫీసరు అడిగితే, నేను సెల్ఫ్ అనాలా? నాకు నేనే ప్రతినిధినని తలబిరుసుగా చెప్తున్నాననుకోరూ? జాన్సనే నయం కదమ్మా!" ముందు కీత్ అనండి, గట్టిగా అనండి అని మూడు రోజులు రిహార్సల్ చేయించాను.

ఇక్కడ ఆయన పేరు సంగతి ఒకటి చెప్పాలి. ఊరందరి ఇంటిపేర్లూ అడిగిన ఈ మనిషి, తన పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశారు. ఎందుకంటే, "ఇంటిపేరు ఇనీషియల్లో ఉందిగా" అన్నారు. ఆ ఖాళీ పుణ్యమా అని వీసాలో ఆయన పేరంతా సర్‌నేమ్ అయి కూర్చుంది. ముందు పేరు తెలియదని చెప్పడానికి ఆ చోట ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు కొట్టారు. మొదటిసారి దంతాల డాక్టరు దగ్గర "మిస్టర్ ఫ్నూ!" అని పిలిస్తే, ఎవరినో అనుకుని అరగంట కూర్చున్నాం.

ఇంటర్వ్యూ రోజు ఎల్‌బీజే ఫ్రీవే మీదే వెళ్లాం. కార్లు కదలట్లేదు. "లిండన్ గారు మనల్ని దేశంలోకి రానిచ్చారు గానీ ఆఫీసుకి వెళ్లనివ్వట్లేదు" అని గొణిగారు. ఎలాగో టైముకి చేరి వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం. ఆయన కళ్లు మూసుకుని "కీత్... కీత్" అని జపం చేస్తున్నారు. తలుపు తెరుచుకుంది. ఆఫీసరు పేరు జాన్సన్ అయ్యుంటుందని మీరు ఊహిస్తూ ఉండొచ్చు. కాదు. ఆవిడ ఫైలు చూసి, అంత పొడవు పేరు నోరు తిరక్క, చివరి ముక్క పట్టుకుంది.

"మిస్టర్ రావ్?"

ముగ్గురు లేచారు.

తలుపుకి దగ్గరగా ఉన్న రావుగారు చొరవగా లోపలికి వెళ్లబోయారు. ఆవిడ పుట్టినరోజు అడిగింది. "జూలై 1" అన్నారాయన. ఫైల్లోనూ జూలై 1. ఆవిడ సంతోషంగా దారిచ్చింది. మా వెనక నుంచి మూడో రావుగారు, "నాదీ జూలై 1 అండీ" అన్నారు. బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టర్లు ఊళ్లకు ఊళ్లను జూలై 1న పుట్టించారని ఆవిడకు ఎవరు చెప్పాలి? ముగ్గురు రావులు, ముగ్గురికీ ఒకే పుట్టినరోజు. ఆవిడ ఫైలు వైపు, వాళ్ల వైపు మార్చి మార్చి చూస్తోంది.

అప్పుడు లేచింది మా మావయ్యగారిలోని సీనియర్ అసిస్టెంటు. ముందున్నాయన వైపు తిరిగి తెలుగులో, "ఏ ఊరండీ తమది?" అన్నారు. నెల్లూరు. "తమది?" కర్నూలు. వెంటనే ఆఫీసరు వైపు తిరిగి, ఒక్కొక్కరి మీదా చెయ్యి చూపిస్తూ, "రావ్ నెల్లూర్. రావ్ కర్నూల్. రావ్ తెనాలి. లైక్ యువర్ జాన్సన్ జార్జియా, జాన్సన్ లూసియానా, మేడమ్" అన్నారు. ఆవిడకు ఏం అర్థమైందో గానీ పుట్టిన సంవత్సరం అడిగి, రావ్ తెనాలిని లోపలికి తీసుకెళ్లింది. కర్నూలాయన నా పక్కన కూర్చుని, "ఆయన లాయరా అమ్మా?" అని అడిగారు.

లోపల జరిగింది బయటికొచ్చాక ఆయనే చెప్పారు. రిప్రజెంటేటివ్ ఎవరని మూడో ప్రశ్నకే అడిగింది. కంగారులో కీత్ ఎగిరిపోయింది. "సెల్ఫ్!" అన్నారు. అని గుండె చిక్కబట్టుకుని, "నాట్ మై సెల్ఫ్, మేడమ్" అని కలిపారు. ఆవిడ నవ్వి టిక్కు పెట్టిందట. ఆరో జవాబు సరిగ్గా చెప్పగానే, చాలు, పాసయ్యారు అంది.

"మరి జాన్సన్?" అన్నాను.

"అదే కదమ్మా నా బాధ. అడగలేదు. ఒక్కర్ని కూడా! స్పీకర్ గురించి అడగరా అని నేనే అడిగాను. అవసరం లేదంది. పదహారు మందిని తయారుచేసుకుని వెళ్తే ఒక్కణ్నీ పిలవలేదు."

పేరు మార్చుకుంటారా అని మాత్రం అడిగిందట. ఎఫ్‌ఎన్‌యూ తీసేసి, పేరు పేరు గడిలో, ఇంటిపేరు ఇంటిపేరు గడిలో పెట్టమన్నారు. దానికి జడ్జి ముందు ప్రమాణం చేయాలి, ఆలస్యం కావచ్చు అంటే, "మ్యుటేషన్‌కి టైము పడుతుంది, నాకు తెలుసు" అన్నారట.

బయట పార్కింగ్‌లో ముగ్గురు రావులూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. మావయ్యగారు తన ఫోన్లో బ్రాకెట్లతో సహా ఎక్కించుకున్నారు, రావు (నెల్లూరు), రావు (కర్నూలు) అని. లోపల జరిగిన కథంతా వాళ్లకూ చెప్పి నవ్వించారు.

ఆ ఆదివారం భోజనాల వేళ ఫోన్ మోగింది. ఆయన చెయ్యి పప్పులో ఉంది, నేను స్పీకర్‌లో పెట్టాను.

"హలో, ఎవరండీ?"

"నేనండీ, రావుని."

"ఏ రావు?" అన్నారు మావయ్యగారు అలవాటుగా.

"కర్నూలు రావునండీ. ఇది సెల్ఫ్ గారి ఇల్లేనా?"