జూ జంతువుల్ని పాపికొండల్లో వదిలేయమంటున్న మెసేజ్‌కి జవాబు

ఏ జూలో జంతువు చనిపోయిందని వార్త వచ్చినా రాజమండ్రి నుంచి అమలాపురం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: జూలు మూగజీవాల జైళ్లు. అక్కడ పోయే ప్రతి ప్రాణం అధికారులు చేసిన హత్యే. జూలన్నీ మూసేసి పులుల్ని, సింహాల్ని పాపికొండల్లో, జింకల్ని కాకినాడ దగ్గరున్న కోరింగ మడ అడవిలో వదిలేయాలి. అడవి జంతువుకి అడవిలో బతకడం ఎవరూ నేర్పక్కర్లేదు. లెక్కలు అడిగినా ఎవరూ చెప్పరు కాబట్టి ఇదొక్కటే దారి.

ఈ కోపం నాకూ ఉంది. బోనులో పెట్టిన ప్రాణికి తిండి, నీళ్లు, మందు అన్నీ మన చేతుల్లోనే ఉంటాయి. పట్టించుకోక అది చనిపోతే పూచీ పూర్తిగా మనిషిదే. కానీ ఈ మెసేజ్ చెప్పినట్టు చేస్తే ముందు చచ్చేది ఆ జంతువులే.

"అడవి జంతువుకి అడవి నేర్పక్కర్లేదు" అన్న మాట దగ్గర మొదలుపెడదాం. నేర్పాలి. పులిపిల్ల దాదాపు రెండేళ్లు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. ఎక్కడ పొంచి ఉండాలి, ఎంత దగ్గరకి వచ్చాక దూకాలి, గొంతు ఎలా పట్టాలి, ఇవన్నీ తల్లి దగ్గర చూసి నేర్చుకునేవే. జూలో పుట్టిన పులికి ఆ చదువు లేదు. దానికి తెలిసిందల్లా కీపర్ అడుగుల చప్పుడు, మాంసం బకెట్ చప్పుడు. ఆ చప్పుడు వినగానే గేటు దగ్గరకి వచ్చేస్తుంది. మనిషి వస్తే తిండి వస్తుందని నమ్మిన పులిని అడవిలో వదిలితే అది ఆకలేసినప్పుడు ఎటు నడుస్తుంది? ఊరి వైపే.

2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పులి తిరిగిన రోజులు మనవాళ్లు మర్చిపోయి ఉండరు. ఊళ్లకి ఊళ్లు టెన్షన్‌తో నిద్ర మానేశాయి. పశువులు పోయాయి. బోన్లు పెట్టినా అది చిక్కలేదు. అది అడవి పులి కాబట్టి మనుషుల్ని తప్పించుకుని తిరిగింది, చివరికి అనకాపల్లి వైపు వెళ్లిపోయింది. జూ పులికి మనిషంటే ఆ బెరుకు ఉండదు.

చీతాల సంగతి కూడా చూడండి. 2022, 2023లో నమీబియా, దక్షిణాఫ్రికా నుంచి 20 చీతాల్ని మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకి తెచ్చారు. అవి వేట వచ్చినవి. మెడకి రేడియో కాలర్లు, వెంట డాక్టర్లు, కాపలా సిబ్బంది, మొదట కంచె లోపల అలవాటు చేయడం, ఇన్ని ఉన్నా 2023 మార్చి నుంచి ఆగస్టు లోపల 6 పెద్ద చీతాలు చనిపోయాయి. కొన్నిటికి కాలర్ కింద చర్మం పుండై, పురుగు పట్టి, నెత్తురు విషమయింది. అంత ఏర్పాటుతోనే అలా జరిగితే లారీలో తెచ్చి దింపేసిన జూ జంతువు ఎన్నాళ్లు బతుకుతుంది?

సింహాల విషయం ఇంకా సూటిగా చెప్పొచ్చు. మన దేశంలో అడవి సింహం ఉన్నది గుజరాత్‌లోని గిర్, దాని చుట్టుపక్కలే. పైగా విశాఖ జూ పునరావాస కేంద్రానికి చేరిన సింహాలు సర్కస్‌ల నుంచి వచ్చినవి. సర్కస్‌లలో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల ఆటలు ఆపమని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చాక వాటికి ఎక్కడో ఒకచోట నీడ చూపించాల్సి వచ్చింది. వాటిలో చాలావరకు ఆసియా, ఆఫ్రికా సింహాల సంకర జాతివి. వాటికి తిరిగి వెళ్లడానికి ఏ అడవీ లేదు. తెల్లపులులూ అంతే. ఇప్పుడు జూల్లో కనిపించేవి దాదాపు అన్నీ 1951లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతంలో పట్టిన మోహన్ అనే ఒక్క పిల్ల సంతతి. దగ్గరి రక్తంలోనే జతకట్టించి పెంచుకుంటూ వచ్చారు.

ఇక పాపికొండలు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మ్యాపులో చూస్తే ఖాళీగానే ఉన్నట్టుంటుంది. అక్కడ కొండరెడ్ల ఊళ్లున్నాయి, వాళ్ల పశువులున్నాయి, అడవిలోకి వెళ్లి కుంకుళ్లు, చింతపండు తెచ్చుకునే ఆడవాళ్లున్నారు. డెల్టాలో ఫ్యాను కింద కూర్చుని మనం ఫార్వర్డ్ చేసే పులి వాళ్ల గుమ్మం ముందుకి వెళ్తుంది. వాళ్లని ఎవరైనా అడిగారా? ఈ మెసేజ్‌లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

కోరింగ మాట చిన్నది. ఆటుపోట్ల ఉప్పునీళ్లు, మోకాలి లోతు బురద. బావురుపిల్లులకి, నీటికుక్కలకి అది ఇల్లు. బయలు గడ్డిమైదానంలో పరుగెత్తే కృష్ణజింకకి కాదు. మిగులు జింకల్ని అడవిలోకి పంపడం అసలు లేనిదేమీ కాదు, కానీ ముందు జబ్బు పరీక్షలు చేయాలి, తగిన చోటు చూడాలి. పట్టుకునే కంగారులోనే గుండె ఆగి చనిపోయే జింకలుంటాయి.

"ప్రతి చావూ హత్యే" అన్నది కోపంలో అనే మాట. కానీ ఆ మాటే అసలు దోషుల్ని కాపాడుతుంది. అన్నీ హత్యలే అన్నాక ఏది నిర్లక్ష్యమో తేల్చే పని ఎవరికీ పట్టదు. అడవిలో పులి పదిపన్నెండేళ్లకే ముసలిదవుతుంది. జూలో 18 ఏళ్లు దాటినవీ ఉన్నాయి. అలాంటిది పోతే అది వయసు. అన్నీ అలా ఉండవు. 2000 జూలైలో భువనేశ్వర్ నందన్‌కానన్ జూలో కొద్దిరోజుల్లోనే 12 పులులు చనిపోయాయి. సర్రా జబ్బని తేలింది. గేదెలున్న ఇంట్లో ఈ పేరు కొత్త కాదు. జోరీగలు ఒక పశువు నెత్తురు తాగి ఇంకోదాన్ని కుట్టి అంటిస్తాయి. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, గేదె నీరసించి తూలుతుంది, ఒక్కోసారి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. పశువుల డాక్టరు చెవి దగ్గర చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద రాసి మైక్రోస్కోప్ కింద చూస్తాడు. త్వరగా పట్టుకుంటే మందుంది. అందుకే సాయంత్రం పాకలో వేపాకు పొగ పెడతాం, పేడ తీసేస్తాం. జూలో ఈగల్ని అదుపు చేశారా, నెత్తురు పరీక్ష ఏ రోజు చేశారు, మందు ఏ రోజు మొదలుపెట్టారు? ఈ మూడు తేదీలు పక్కపక్కన పెడితే నిర్లక్ష్యం ఉందో లేదో బయటపడుతుంది.

"లెక్కలు చెప్పరు" అనేది కూడా నిజం కాదు. 1992 నుంచి జూల మీద కేంద్ర జూ అథారిటీ ఉంది. దాని గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. 2009 నిబంధనల ప్రకారం ఏడాదిలో చనిపోయిన జంతువుల వివరాలు, పోస్ట్‌మార్టంలో తేలిన కారణాలతో సహా, ఏప్రిల్ 30 లోగా అథారిటీకి పంపాలి. కొత్తగా వచ్చిన జంతువుని కనీసం 30 రోజులు విడిగా ఉంచాలి. ఈ కాగితాలన్నీ ఆఫీసుల్లో ఉండి తీరాలి. లేకపోతే అదే పెద్ద తప్పు.

కాబట్టి కోపం ఉన్నవాళ్లు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. గత మూడేళ్లలో ఏ జంతువు ఏ తేదీన చనిపోయింది, పోస్ట్‌మార్టం రిపోర్టులో కారణం ఏమని రాశారు, జబ్బు లక్షణాలు మొదట ఎప్పుడు కనిపించాయి, మంజూరైన డాక్టర్, కీపర్ పోస్టుల్లో ఎన్ని ఖాళీ, మేతకి, మందులకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది. ఫార్వర్డ్ చేయాలనుకుంటే ఈ ప్రశ్నల్నే చేయండి.