ఒక్కటే కదా అనిపించే లూజు సిగరెట్

సాయంత్రం ఐదు దాటాక మాదాపూర్‌లో ఏ ఆఫీసు బయట చూసినా ఒకటే సీను. మెడలో ఐడీ కార్డు, ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో సిగరెట్, పక్కన పాన్ డబ్బాకు దారంతో వేలాడే లైటర్. అడిగితే "ప్యాకెట్లు కొనను అన్నా, రోజుకు ఒకటో రెండో" అంటారు. నేనూ చాలా ఏళ్లు ఆ మాటే చెప్పాను.

రోజుకు 20 కాల్చేవాడితో పోలిస్తే ఒక్కటి కాల్చేవాడి ముప్పు ఇరవయ్యో వంతే ఉండాలని మన లెక్క. ఊపిరితిత్తుల క్యాన్సర్ దగ్గర ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది, గుండె దగ్గర నడవదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణలో పాత అధ్యయనాలు 141 కలిపి చూశారు. 20 సిగరెట్లతో గుండెజబ్బుకు పెరిగే ముప్పులో మగవాళ్లకైతే దాదాపు సగం, ఆడవాళ్లకు మూడో వంతు ఒక్క సిగరెట్‌తోనే వచ్చేస్తోంది. కొద్దిపాటి పొగకే రక్తంలో ప్లేట్‌లెట్లు అతుక్కోవడం మొదలవుతుంది, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఆపైన ఎన్ని కాల్చినా నష్టం పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే అదే వేగంతో కాదు. పది నుంచి రెండుకు తగ్గించి సంబరపడేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

లూజు సిగరెట్‌తో ఇంకో చిక్కుంది. ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక, బొమ్మ ఉండాలని 2016 నుంచి నిబంధన అమల్లో ఉంది. 2018 నుంచి మానేయడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబర్ 1800-11-2356 కూడా అక్కడే వేస్తున్నారు. డబ్బా అతను పెట్టె తెరిచి ఒకటి తీసి చేతిలో పెడితే ఆ బొమ్మా కనపడదు, నంబరూ కనపడదు. ఎవరికి బాగా పనికొస్తుందో, అంటే ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన కాలేజీ కుర్రాడికి, ఆ హెచ్చరిక చేరనే చేరదు. పైగా ప్యాకెట్ కొనలేనివాడు కూడా ఒక్కటి కొనగలడు. అందుకే విడిగా అమ్మడం ఆపాలంటాను. పాన్ డబ్బావాళ్ల పొట్ట కొట్టడమే అంటారు కొందరు. అది తీసిపారేసే మాట కాదు. కానీ ఆ డబ్బాలు పాన్, వాటర్ బాటిళ్లు, చిప్స్ కూడా అమ్ముకునే బతుకుతున్నాయి.

ఈ ఊరికి పొగాకుతో బంధం పాతది. 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో (వీఎస్టీ) కంపెనీ చార్మినార్ పేరుతోనే సిగరెట్ అమ్మింది. ఆ కంపెనీ పేరు చివరికి బస్టాప్ అయింది. ఇందిరా పార్క్ నుంచి ఉక్కు వంతెన దిగేది వీఎస్టీ దగ్గరే.

ఇక టెన్షన్ సంగతి. సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గినట్టు అనిపించే మాట నిజమే. అయితే ఆ టెన్షన్‌లో చాలావరకు ఒంట్లో నికోటిన్ తగ్గినప్పుడు మెదడు పెట్టే గోలే. తర్వాతి సిగరెట్ దాన్ని కాసేపు ఊరుకోబెడుతుంది. మానేసిన వాళ్లలో కొన్ని వారాలు గడిచాక ఆందోళన మునుపటికంటే తగ్గుతున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి.

మానితే లాభం వెంటనే మొదలవుతుంది. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే మామూలు స్థాయికి దిగుతుంది. ఏడాదికి గుండెజబ్బుకు పెరిగిన ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. బ్రిటన్ డాక్టర్లను 50 ఏళ్లు గమనించి 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, జీవితాంతం పొగ తాగేవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారు. 30 ఏళ్ల వయసులో మానితే ఆ పదేళ్లూ దాదాపు దక్కుతాయి. 50లో మానినా ఆరేళ్లు, 60లో మానినా మూడేళ్లు. "ఇప్పుడు మాని ఏం లాభం" అనే పెద్దమనుషులు ఈ చివరి అంకె చూడాలి.

మానిన మొదటి వారమే అన్నిటికంటే కష్టం. అప్పుడు సాయానికి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా అదేపనిగా నమలకూడదు, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. నమలడానికి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ చాయ్ తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. మన ఊళ్లో ఇదే అసలు కష్టం. నేను నెల రోజులు ఇరానీ హోటల్ వైపు వెళ్లకుండా ఇంట్లోనే చాయ్ పెట్టుకున్నాను.